పాత యింటి సాక్ష్యము

(ధ్యానమునకు: కీర్తన 15, మత్తయి 18:15, అపొస్తలుల కార్యములు 9:26–28, ఫిలేమోను పత్రిక)



ఒక యింటినుండి మరియొక యింటికి కాపురము మార్చుట ఎంత ప్రయాసమో అద్దె యిండ్లలో కాలము గడిపినవారికి చెప్పనక్కరలేదు. సామాను బండి కెక్కించుట ఒక్క దినపు పని. క్రొత్త యింటి యజమానుని ఎదుట నిలువబడి అతని ప్రశ్నలకు జవాబు చెప్పుట అంతకంటె కష్టము. "ఇంతకు ముందు ఎక్కడుండేవారు? ఎందుకు ఖాళీ చేశారు? ఆ ఇంటాయన ఫోను నంబరు ఇస్తారా?" అని అతడడుగును. మూడవ ప్రశ్నయొద్ద అనేకుల గుండె ఝల్లుమనును. పాత యింటిలో చప్పుడును గూర్చి ప్రక్కవారితో మాట వచ్చియున్న యెడల, ఆ సంగతి తామే చెప్పవలెనా, దాచవలెనా? అట్లే పాత యింటి యజమానునికి ఆ ఫోను వచ్చినప్పుడు అతడు ఏమి చెప్పవలెను, ఏమి విడువవలెను?

ఇది ధ్యానపు పుటలలో వ్రాయదగిన సంగతియేనా యని కొందరు తలంపవచ్చును. అబద్ధ సాక్ష్యమును గూర్చిన ఆజ్ఞ న్యాయస్థానపు బోనులో నిలిచినవానికి మాత్రమే ఇయ్యబడలేదు. మనలో ననేకులము జీవితమంతయు బోను ఎక్కకయే గడుపుదుము. కాని "ఆయన ఎటువంటివాడు?" అని పొరుగువానిని గూర్చి అడిగినప్పుడు జవాబు చెప్పనివారు మనలో ఎవరున్నారు? మన సాక్ష్యము ఎక్కువగా గుమ్మముల యొద్దను, ఫోనులలోను జరుగుచున్నది.

మన కొత్తగూడెములో ఈ సంగతికి ఒక ప్రత్యేకత యున్నది. 1871వ సంవత్సరమున ఇల్లెందు ప్రాంతమున డాక్టర్ విలియం కింగ్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు బొగ్గును కనుగొనెను. నాటినుండి ఈ అడవి సీమ బ్రతుకు బొగ్గుతో ముడిపడినది. 1920లో సింగరేణి కాలరీస్ అను పేరు వహించిన కంపెనీకి నేడు మన పట్టణమే ప్రధాన స్థానము. గనులలో పని మూడు షిఫ్టులుగా జరుగును. రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చినవాడు ఊరంతయు లేచి తిరుగు వేళ పండుకొనవలెను. ఇతర పట్టణములలో నిద్ర రాత్రి సంగతి. ఇచ్చట ఏ గంటకైనను ఏదో యొక గోడ వెనుక ఒకడు నిద్రించుచునే యుండును. కంపెనీ క్వార్టర్ల వరుసలలో ఎవరిది ఏ షిఫ్టో ప్రక్కవారికి తెలియును. అయితే కాంట్రాక్టు పనివారు, చిన్న వ్యాపారులు, ఉపాధ్యాయులు, ఉద్యోగ విరమణ చేసి క్వార్టరు అప్పగించినవారు అద్దె యిండ్లు వెదకుకొందురు. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెము జిల్లా ఏర్పడిన తరువాత కార్యాలయముల ఉద్యోగులును వచ్చిరి. ఇట్టి ఊరిలో ఒకే గోడకు ఇరుప్రక్కల కాపురముండియు పొరుగువాని షిఫ్టు ఎరుగనివారు అనేకులు.

ఈ విషయములో మేము సిగ్గుతో ఒప్పుకొనవలసిన సంగతి యొకటి యున్నది. దానిని చెప్పకుండ ఇతరులకు బోధించుట మాకు తగదు.

మా యింటి మేడమీది పోర్షనులో ఒక కుటుంబము మూడు సంవత్సరములు అద్దెకుండెను. వారు విశ్వాసులే. నెల మొదటి వారము దాటకుండ అద్దె ఇచ్చెడివారు. ఇంటిని అద్దమువలె ఉంచుకొనెడివారు. ప్రతి శుక్రవారము సాయంకాలము వారి యింట ప్రార్థన కూటము జరిగెడిది. మొదట పదిమంది వచ్చిరి, తరువాత ముప్పదిమంది. మొదట చప్పట్లతో పాడిరి. తరువాత డోలక్కు వచ్చెను. ఆ తరువాత మైకును, ఒక స్పీకరు పెట్టెయు వచ్చెను. ప్రక్క యింట గనిలో పనిచేయు కార్మికుడొకడు కాపురముండెను. రాత్రి షిఫ్టు గల వారములలో అతడు సాయంకాలము రెండు గంటలు కన్ను మూసి డ్యూటీకి పోవలెను. అతడు మూడు మారులు మా గుమ్మమునకు వచ్చి, "సార్, పాటలు వద్దనను. ఆ మైకు ఒక్కటి తీసెయ్యమనండి. నిద్ర లేకుండా గనిలోకి దిగితే నా ప్రాణానికే ముప్పు" అని బ్రతిమాలెను.

మేమేమి చేసితిమి? "అలాగే చెప్తాం తమ్ముడూ" అని అతనిని పంపివేసి, మేడమీదివారితో నవ్వుచు, "కొంచెం మెల్లగా పాడండి" అంటిమి. ఒకడు మూడు మారులు వచ్చి మొరపెట్టుకొనెనని గాని, గనిని గూర్చి అతడన్న మాట గాని వారికి చెప్పలేదు. భక్తిగల కుటుంబమును నొప్పింపరాదనుకొంటిమి. మా హృదయములో మరియొక కారణమును ఉండెను. ప్రార్థనకు అడ్డు చెప్పినవారమను పేరు మాకు రాకూడదని భయపడితిమి.

తుదకు ఒక దినమున ప్రక్కవాడు సహనము కోల్పోయి వీధిలో నిలిచి కేకలు వేసెను. వారు కిటికీలు మూసికొని పాడుచుండుటచేత ఆ కేకలు వారికి వినబడలేదు, మాకు వినబడెను. "మా అబ్బాయి వస్తున్నాడు, పోర్షను మాకు కావాలి" అని సాకు చెప్పి, మరియొక యిల్లు చూచుకొనుమని వారితో అంటిమి. వారికి పాల్వంచలో ఒక యిల్లు కుదురునట్లుండెను. ఆ యజమానుడు మన సంఘస్థుడు కాడు, మన మతస్థుడు కాడు. అతడు మాకు ఫోను చేసి, "సార్, మా అమ్మకు గుండె జబ్బు. ఆమె గది ఆ పోర్షను కిందనే ఉంటుంది. వాళ్ళు చప్పుడు లేకుండా ఉంటారా?" అని అడిగెను. మేము, "చాలా భక్తిపరులండి. కిరాయి ఒక్కసారి కూడా ఆలస్యం చేయలేదు. ఇల్లు శుభ్రంగా ఉంచుకుంటారు" అంటిమి.

నెల తిరుగకముందే ఆ ఫోను మరల మ్రోగెను. "పెద్దమనుషులని మిమ్మల్ని అడిగాను సార్. మీరు చెప్పిందంతా నిజమే. నేను అడిగింది మాత్రం మీరు చెప్పలేదు" అని అతడు మెల్లగా పలికెను. అతడు తిట్టియుండినయెడల మాకు అంత నొప్పి కలుగకపోవును.

మరునాడు పాల్వంచకు పోయితిమి. అద్దెకున్న సహోదరుని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, మూడు మారులు వచ్చిన పొరుగువాని సంగతియు, గని మాటయు, మేము చెప్పిన సాకును విప్పి చెప్పితిమి. అతడు చాలసేపు తల వంచుకొని యుండి, "అన్నగారూ, ఆయన నిద్ర లేకుండా గనిలోకి దిగుతున్నాడని మీరు ఒక్కసారి చెప్పి ఉంటే ఆ రోజే మైకు తీసేసేవాణ్ణి గదా. ఇన్నాళ్ళు ఆయన దృష్టిలో నన్ను దుర్మార్గుణ్ణి చేశారు" అనెను. ఆ మాటకు మాయొద్ద జవాబు లేదు. అందరమును క్రిందికి దిగి ఆ యజమానుని, ఆయన తల్లిని క్షమాపణ అడిగితిమి. మైకు అటకెక్కెను. కూటమును వంతులవారీగా వేరు వేరు యిండ్లలో జరుపుటకును, ఆ యింట జరిగిన దినమున పెందలకడ ముగించుటకును సహోదరుడు తానే ఒప్పుకొనెను. వారు ఆ యింటనే నిలిచిరి. తరువాత అతడు కొత్తగూడెము వచ్చి ఆ గని కార్మికుని చూచెను. మేమును వెంట పోయితిమి. ముందుగా పోవలసినవారము మేమే.

చదువరులారా, మా తప్పు ఎక్కడ ప్రారంభమైనదో చూడుడి. అది ఫోనులో ప్రారంభము కాలేదు. పొరుగువాని మొరను మేము మింగివేసిన మొదటి దినముననే అది ప్రారంభమైనది. ఒకని తప్పును అతని ముఖము ఎదుట చెప్పనివానికి, తరువాత ఎవరైన అడిగినప్పుడు రెండే త్రోవలు మిగులును. దాచినయెడల అడిగినవానిని మోసగించినట్లగును. చెప్పినయెడల ఎదుట లేనివానిని గూర్చి కొండెము చెప్పినట్లగును. రెండును చెడ్డ త్రోవలే. అతనితో ముందు చెప్పియుండినయెడల మూడవ త్రోవ దొరకును. "అవును, ఒక ఫిర్యాదు వచ్చినది. ఆయనతో చెప్పితిమి. సరిదిద్దుకొనెను" అనవచ్చును, లేదా "చెప్పితిమి గాని వినలేదు" అనవచ్చును. ఏది చెప్పినను అది సంపూర్ణ సాక్ష్యము. సహోదరుడు తప్పు చేసినయెడల మొదట పోయి అతనితో ఒంటరిగా మాటలాడవలెనని ప్రభువు మత్తయి సువార్త 18వ అధ్యాయములో క్రమము నిర్ణయించెను. మనము ఆ క్రమమును తలక్రిందులు చేసి, అతడు తప్ప అందరును ఎరిగిన తరువాత అతనికి చెప్పుదుము.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. "ప్రేమ దోషములను కప్పును గదా? ఆ కుటుంబమునకు గూడు దొరకకుండ చేయుట ప్రేమయా?" అని కొందరు అడుగుదురు. మంచి ప్రశ్నయే. కాని ప్రేమ ఎవని దుప్పటితో కప్పును? మన దుప్పటి తీసి సహోదరుని కప్పినయెడల అది ప్రేమ. నిద్రించుచున్న రోగి మీది దుప్పటి లాగి అతనిని కప్పినయెడల దానిని ఏమనవలెను? ఆ తల్లి నిద్రను దానము చేయు హక్కు మాకు లేదు. సహోదరుని నిజముగా ప్రేమించినయెడల ఆ ప్రేమకు వెల మేమే చెల్లించి, మాట చెడునను భయమును విడిచి ముందే అతనితో మాటలాడియుందుము.

దీనికి ఎదురైన శోధనయు కలదు. అడ్వాన్సు తిరిగి యిచ్చు విషయములో తగవు పడిన యజమానుడు, ఆ కోపమును ఫోనులో తీర్చుకొనును. ఒక పండుగనాటి సందడిని ప్రతిదినపు గొడవగా చెప్పును. చంటిబిడ్డ ఏడుపును దోషముగా లెక్కించును. తాను చూచినది, ఇతరులు చెప్పగా వినినది కలిపి మాటలాడును. ఇల్లు కావలసినవానికి అప్పుడు ఎదురు మాటలాడు అవకాశమైనను ఉండదు. ఎందుకు ఇల్లు కుదరలేదో అతనికి తెలియనే తెలియదు. ఈ రెండు శోధనలకును ఒకే మందు కలదు. ఎవనిని గూర్చి మాటలాడుచున్నామో అతడు మన ప్రక్కన కూర్చుండి వినుచున్నాడని తలంచుకొని మాటలాడవలెను. అతడు వినుచుండగా చెప్పలేని నిందను చెప్పకూడదు. అడిగినవాడు రేపు మన యెదుటికి వచ్చినప్పుడు సిగ్గుపడవలసిన మెప్పును చెప్పకూడదు.

లోకపు చట్టములును ఈ సంగతిని కొంత ఎరుగును. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రములో 1960లో చేయబడిన అద్దె నియంత్రణ చట్టము, ఇరుగుపొరుగువారికి ఉపద్రవము కలిగించు ప్రవర్తనను అద్దెదారుని ఖాళీ చేయించుటకు ఒక కారణముగా పేర్కొనెను. 2000వ సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు నివాస స్థలములలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్‌ను మేరగా నిర్ణయించెను. రాత్రి 10 గంటలు మొదలుకొని ఉదయము 6 గంటల వరకు వాటి లెక్కలో రాత్రి. మన పట్టణములో పగటివేళ నిద్రించు కార్మికునికి ఆ లెక్క చాలదు. అతని రాత్రిని ఎరిగినవాడు పొరుగువాడే.

ఇంగ్లండు, అమెరికా మొదలగు దేశములలో పాత యజమానుని యోగ్యతా పత్రము అడుగుట వాడుక. 1994లో ఇంగ్లండు ప్రభువుల సభ ఉద్యోగపు యోగ్యతా పత్రమును గూర్చి తీర్పు చెప్పుచు, దానిని వ్రాయువాడు ఎవనిని గూర్చి వ్రాయుచున్నాడో ఆ మనిషి యెడలను జాగ్రత్త వహించుటకు బద్ధుడని నిర్ణయించెను. న్యాయాధిపతులకే ఇది తోచియుండగా, విశ్వాసులమైన మనకు తోచవద్దా?

మన సంఘములకు సంబంధించిన మాట ఒకటి చెప్పక తప్పదు. మన జనులకు ఇల్లు దొరకనప్పుడు, "ప్రభువు నామము నిమిత్తమే ఈ శ్రమ" అనుకొనుట కలదు. కులమును బట్టియో మతమును బట్టియో ఇల్లు నిరాకరించు యజమానులు నేటికిని ఉన్నారు. అది అన్యాయము, దానిని అన్యాయమనియే చెప్పవలెను. అయితే పొరుగువాని నిద్ర చెరిపినందున వచ్చిన ఫిర్యాదును హింస అని పేరు పెట్టి పిలుచుటయు అబద్ధ సాక్ష్యమే. క్రైస్తవుడైనందుకు పొందు శ్రమ వేరు, తన తప్పువలన పొందు శ్రమ వేరు అని పేతురు తన మొదటి పత్రికలో హెచ్చరించెను. తెల్లవారకముందే లేచి పెద్ద గొంతుతో స్నేహితుని దీవించువాని దీవెన శాపముగా ఎంచబడునని సామెతల గ్రంథము 27వ అధ్యాయము చెప్పును. దీవెన మంచిదే, వేళయు గొంతును చెడ్డవి. మద్రాసు నగరమందలి ఒక సంఘపు మైకులను డ్రమ్ములను గూర్చి ఇరుగుపొరుగువారు వేసిన వ్యాజ్యెములో, 2000 ఆగష్టు 30న మన దేశపు సుప్రీంకోర్టు, ఇతరుల శాంతిని చెరిపి ప్రార్థింపవలెనని ఏ మతమును విధింపదని తీర్పు చెప్పెను. న్యాయస్థానము చెప్పువరకు మనము కనిపెట్టియుండుట మనకు గౌరవము కాదు.

ఇప్పుడు లేఖనములలో రెండు యోగ్యతా పత్రములను చూతము. సౌలు యెరూషలేమునకు వచ్చినప్పుడు శిష్యులు అతనికి భయపడిరి. అతని పాత చరిత్ర అందరికిని తెలియును. బర్నబా ఏమి చేసెను? ఆ చరిత్ర లేదనలేదు. సౌలును వెంటబెట్టుకొని అపొస్తలుల యొద్దకు పోయి, త్రోవలో జరిగినదియు, దమస్కులో సౌలు ధైర్యముగా బోధించినదియు వివరించెను. శిష్యులకు సగమే తెలిసిన నిజమును అతడు పూర్తిచేసెను. అది చెప్పునప్పుడు సౌలు అతని ప్రక్కననే యుండెను.

ఆ సౌలే పౌలై, సంవత్సరములు గడిచిన తరువాత ఒనేసిము కొరకు ఫిలేమోనుకు వ్రాసెను. ఒనేసిము మునుపు నిష్ప్రయోజకుడై యుండెనని దాచలేదు. ఇప్పుడు ప్రయోజకుడాయెనని చెప్పుట మరువలేదు. అతని వలన నష్టము కలిగినయెడల తన లెక్కలో వేయుమని స్వహస్తముతో వ్రాసెను. ఎవనిని గూర్చి వ్రాసెనో వానినే ఫిలేమోను యొద్దకు తిరిగి పంపెను. తప్పును పేరు పెట్టి చెప్పుట, మార్పును సాక్ష్యమిచ్చుట, నష్టములో భాగము వహించుట, ఈ మూడును కూడినదే క్రైస్తవుని సాక్ష్యము. మేము ఫోనులో చెప్పిన మూడు మాటలలో ఇవేవియు లేవు.

అద్దె యిల్లు వెదకువారికి ఒక మాట. మీ పాత యింట ఫిర్యాదు వచ్చియుండినయెడల, క్రొత్త యజమానుడు ఇతరుల నోట వినకముందే మీరే చెప్పుడి. "చప్పుడును గూర్చి ఒక మాట వచ్చింది, కారణం ఇది, మేము ఇలా సరిదిద్దుకున్నాం" అని చెప్పినవానికి ఇల్లు దొరకకపోవచ్చును, కాని దొరికిన యింట భయము లేకుండ నిద్రించును. అయితే సరిదిద్దుకొనిన తప్పును జీవితమంతయు మెడలో వ్రేలాడదీసికొని తిరుగనక్కరలేదు. చిన్న శిక్షలు పొందినవారు నియమిత కాలము మరల నేరము చేయకుండినయెడల, ఆ పాత శిక్షను సాధారణముగా వెల్లడి చేయనక్కరలేదని 1974లో బ్రిటనులో చట్టము చేయబడెను. క్షమను నమ్మువారమైన మనము అంతకంటె కఠినులమై యుండరాదు. అడుగనివారికి పాత సంగతిని చాటనక్కరలేదు. అడిగినవానికి మాత్రము అబద్ధము చెప్పరాదు.

ఇల్లు ఇచ్చువారికి ఒక మాట. అద్దె సకాలములో ఇచ్చిరా, ఇంటిని కాపాడిరా, పొరుగువారితో సమాధానముగా నుండిరా అని అడుగుట మీ హక్కు. కులమేమి, దేవుడెవరు, ఏమి తిందురు అని అడిగి తలుపు మూయుట మీ హక్కు కాదు. ఒక ఫిర్యాదు వినినంతనే త్రోసివేయక, ఆ మనుష్యునే పిలిచి అడుగుడి. మీ గోడ పలుచనిదైనను, మీ యింట రోగి యున్నను ముందుగా అతనికి చెప్పుడి. ఏ వేళ మెల్లగా నుండవలెనో తెలియనివాడు ఎట్లు మెల్లగా నుండగలడు?

పదునైదవ కీర్తన ఒక ప్రశ్నతో ప్రారంభమగుచున్నది. దేవుని గుడారములో ఎవడు బస చేయగలడు అని దావీదు అడుగుచున్నాడు. అది అద్దె కడిగినవానిని గూర్చి వేయు ప్రశ్నవలెనే యున్నది. జవాబులో వంశము మాట లేదు. హృదయములో నిజము పలుకుట, నాలుకతో కొండెము చెప్పకుండుట, పొరుగువానికి కీడు చేయకుండుట, ఈ సంగతులే అచ్చట లెక్కింపబడినవి. మన పొరుగువాడు మనలను గూర్చి ఏమి చెప్పునో ఆ యజమానుడు వినుచున్నాడు. మనము పొరుగువానిని గూర్చి చెప్పినదియు వినుచున్నాడు.

ఈ నెలలో మీ ఫోను మ్రోగి, ఒకరిని గూర్చి మీ మాట అడుగబడవచ్చును. జవాబు చెప్పకముందు ఒక్క ప్రశ్న మిమ్మును మీరే అడుగుకొనుడి: "ఈ సంగతి ఆయనతో నేను ఎప్పుడైన చెప్పితినా?" చెప్పియుండనియెడల, "రేపు జవాబు చెప్తానండి" అని ఫోను పెట్టివేసి, మొదట అతని గుమ్మమునకు పొండు. నిజమును ప్రేమతో పలుకు నాలుకను, దానిని ముందుగా అతని యెదుటనే పలుకు ధైర్యమును ప్రభువు మనకు అనుగ్రహించును గాక. ఆమేన్.